కోళ్ళ గోలెంలో పాచి: ఏం కలపాలన్నది తరువాత సంగతి

ప్రశ్న: మాది వరంగల్ జిల్లా గీసుకొండ మండలంలో ఒక పల్లె. నిరుడు మహిళా సంఘం అప్పుతో వనరాజా రకం కోడిపిల్లలను తెచ్చుకొని పెంచాను. ఇప్పుడు ఆ కోళ్ళు, మా పాత నాటుకోళ్ళు కలిపి 22 ఉన్నాయి. ఒక పెట్ట ఈ మధ్యే 9 పిల్లలను లేపింది. బోరు పక్కన ఉన్న సిమెంటు గోలెంలోనే అన్నీ నీళ్ళు తాగుతాయి. ఎండలు ముదిరినప్పటి నుంచి మూడు రోజులకే గోలెం పచ్చగా పాచి పడుతోంది, నీళ్ళలో రెట్ట, ఈకలు తేలుతున్నాయి. మందుల దుకాణం అతను బ్లీచింగ్ పౌడరు వేయమన్నాడు. అది వేస్తే గుడ్లు పెట్టవని, పసుపూ వేపాకూ వేస్తే చాలని మా అత్తమ్మ అంటోంది. మా ఆయన, కోడి ముక్కుతో పొడిస్తే చుక్క చుక్కగా నీళ్ళు వచ్చే నిప్పుల్ పైపు పెట్టిద్దామంటున్నాడు. వారం నుంచి రెండు పెట్టలు పలచగా రెట్ట వేస్తున్నాయి. నేను ఎవరి మాట వినాలి?

సమాధానం: ముందుగా ఆ రెండు పెట్టల సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ రెండు రోజులు ఆగగలవు, అది ఆగదు. ఎండాకాలంలో కోడి మామూలు కంటే చాలా ఎక్కువ నీళ్ళు తాగుతుంది కనుక రెట్ట కొంత పలచబడడం సహజమే. కోడి చురుకుగా తిరుగుతూ, మేత తింటూ, తురాయి ఎర్రగా ఉన్నంతవరకు పలచటి రెట్టను చూసి కంగారు పడనక్కరలేదు. అయితే రెట్ట ఆకుపచ్చగా ఉన్నా, అందులో నెత్తురు చారలు కనిపించినా, కోడి రెక్కలు వాల్చి మూలకు ముడుచుకున్నా, మెడ తిప్పుతున్నా, నోరు తెరిచి గురక పెడుతున్నా అది నీళ్ళ వల్ల వచ్చిన చిన్న తేడా అనుకోవద్దు. పచ్చటి రెట్ట, మెడ వంకర కొక్కెర తెగులు గుర్తులు కావచ్చు. వారం నుంచి ఇలాగే ఉందని రాశారు కాబట్టి ఈరోజే ఆ రెండింటినీ విడిగా గంప కింద ఉంచండి, వాటికి వేరే గిన్నెలో నీళ్ళు పెట్టండి, ఆ గిన్నెను మిగతా వాటితో కలిపి కడగవద్దు, రోజూ మంచి కోళ్ళ పని ముగించాకే వీటి దగ్గరకు వెళ్ళండి. తాజా రెట్టను ఒక చిన్న డబ్బాలో తీసుకొని దగ్గరి పశువైద్యశాలలో చూపించండి. మీకు మామునూరులోని పశువైద్య కళాశాల కూడా దూరం కాదు. రోగం ఏదో తేలకుండా దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ పొడి తెచ్చి గోలెంలో కలిపితే రోగం ఉన్న కోడికి తక్కువ, లేని కోడికి ఎక్కువ మందు అందుతుంది. పైగా ఆ రోజుల్లో పెట్టిన గుడ్లు ఇంట్లో పిల్లలకు పెట్టడానికి పనికిరావు.

ఇక నీళ్ళ విషయానికి వస్తే, మీకు ముగ్గురు మూడు సలహాలు ఇచ్చారు కానీ ఆ గోలెం జోలికి ఎవరూ వెళ్ళలేదు. పాచికీ, రెట్టకూ కారణం ఆ గోలెమే. అది అక్కడ అలాగే ఉన్నంతకాలం బ్లీచింగ్ వేసినా, పసుపు వేసినా నాలుగో రోజుకు మళ్ళీ ఇదే ఉత్తరం రాయవలసి వస్తుంది.

ఎందుకో ఒకసారి లెక్క వేసి చూడండి. పెద్ద కోడి మామూలు రోజుల్లో రోజుకు సుమారు పావు లీటరు నీళ్ళు తాగుతుంది, మన వైపు మే నెల ఎండలకు అది రెట్టింపు అవుతుంది. అంటే మీ 22 కోళ్ళకు చలికాలంలో ఐదారు లీటర్లు, ఇప్పుడు పది నుంచి పన్నెండు లీటర్లు సరిపోతాయి. మీ గోలెం వంద లీటర్లది అనుకుంటే ఈ ఎండల్లో కూడా ఆ నీళ్ళు తాగడానికి వాటికి తొమ్మిది రోజులు పడుతుంది. ఆ తొమ్మిది రోజులూ నీళ్ళు పైకప్పు లేకుండా ఎండలో నిలిచి ఉంటాయి. ఎండ తగిలిన చోట పాచి పెరుగుతుంది, అంచు మీద కూర్చున్న కోడి తల లోపలికీ తోక బయటికీ పెట్టుకోవాలన్న నియమం ఏమీ లేదు కనుక రెట్ట పడుతుంది, కాకులు, పావురాలు వచ్చి తాగిపోతాయి, రాత్రి ఎలుకలు వస్తాయి. వీటన్నిటికీ తోడు సిమెంటు గరుకుగా ఉంటుంది కనుక ఎంత రుద్దినా దాని సందుల్లో మురికి మిగిలే ఉంటుంది. నీళ్ళు ఎక్కువ పోస్తే కోళ్ళకు కొరత ఉండదన్నది మంచి ఉద్దేశమే గాని, కోళ్ళ విషయంలో కొద్దిగా పోసి రోజుకు రెండుసార్లు మార్చడమే మేలు.

నిలవ నీళ్ళ వల్ల ఇంకొక నష్టం ఉంది, దాన్ని చాలామంది కోళ్ళతో ముడిపెట్టి చూడరు. ఈ వేడికి దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు, కోడి మశూచిని ఒక కోడి నుంచి మరొక కోడికి చేరవేసే వాటిలో దోమలు ముఖ్యమైనవి. తురాయి మీద, కళ్ళ చుట్టూ పొక్కులు వచ్చి కోళ్ళు మేత మానేస్తే అందరం గాలి సోకిందనుకుంటాం. తీరా చూస్తే దోమలు పుట్టింది పెరట్లోని గోలెంలోనో, పాత టైరులోనో అయి ఉంటుంది. ఊళ్ళో శుక్రవారం డ్రై డే అని తొట్లు వంపించే పని మీ కోళ్ళకు కూడా మేలు చేసేదే.

కాబట్టి గోలెం మీద ఇనుప జాలీ గానీ, చెక్క పలకలు గానీ మూతగా వేయండి. దాన్ని బట్టలకో, మొక్కలకో వాడుకోండి. పశువుల కుడితి గోలెం ఉంటే దానికీ మూత ఉండాలి. కుడితిలోని పులుపు, ఉప్పు కోళ్ళకు పడవు, కోడిపిల్లలు అందులో పడి చచ్చిపోయే ప్రమాదమూ ఉంది. ఇకమీదట కోళ్ళకు నీళ్ళు విడిగా, చిన్న పాత్రల్లోనే పెట్టాలి.

అటువంటి పాత్ర కొనవలసిన పని లేదు, ఇంట్లోనే చేసుకోవచ్చు. వెడల్పాటి నోరు, గట్టిగా బిగిసే మూత ఉన్న ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి, దాని కంటే చుట్టూ మూడు నాలుగు వేళ్ళ వెడల్పు ఎక్కువున్న పళ్ళెం ఒకటి తీసుకోండి. పళ్ళెం అంచు ఎత్తు నాలుగు సెంటీమీటర్లు ఉంటే, డబ్బా పక్క గోడకు మూత నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తులో కాల్చిన మేకుతో ఒక రంధ్రం పెట్టండి. రంధ్రాన్ని వేలితో మూసి డబ్బాను నింపి, మూత బిగించి, పళ్ళెంలో తలకిందులుగా నిలబెట్టండి. వేలు తీయగానే నీళ్ళు బుడబుడమని దిగి, పళ్ళెంలో రంధ్రం మునిగే ఎత్తుకు రాగానే ఆగిపోతాయి. కోళ్ళు తాగి మట్టం తగ్గిన కొద్దీ గాలి బుడగ ఒకటి లోపలికి పోయి అన్ని నీళ్ళే బయటికి వస్తాయి. నీళ్ళు ఆగకుండా పొర్లుతున్నాయంటే మూత దగ్గర గాలి దూరుతోందని అర్థం, పాత సైకిల్ ట్యూబు ముక్క వేసి బిగిస్తే సరిపోతుంది. డబ్బా మీద కోళ్ళు ఎక్కి కూర్చోకుండా పైన ఒక గుండ్రటి చిన్న కుండను బోర్లించండి, గోళ్ళకు పట్టు దొరకక దిగిపోతాయి. మీ మందకు ఇలాంటివి రెండు ఉండాలి, అది కూడా వేరు వేరు చోట్ల. ఒక్కటే ఉంటే పుంజూ, బలమైన పెట్టలూ దాన్ని కాపలా కాసి బలహీనమైన వాటిని దగ్గరకు రానివ్వవు.

డబ్బా ఎంపికలో మాత్రం ఒక హెచ్చరిక. మన దగ్గర పత్తి చేలు ఎక్కువ కనుక ప్రతి ఇంట్లో పురుగుమందుల ఖాళీ డబ్బాలు ఉంటాయి, చూడడానికి దిట్టంగా, అందంగా కూడా ఉంటాయి. వాటిని ఎన్నిసార్లు కడిగినా కోళ్ళ నీళ్ళకు వాడకూడదు. రంగుల డబ్బాలూ అంతే. ఊరగాయ డబ్బా, నూనె డబ్బా మంచివి.

పాత్రను ఎక్కడ, ఎంత ఎత్తున పెడతారన్నది పాత్ర కంటే ముఖ్యం. పళ్ళెం అంచు మందలోని చిన్న కోడి వీపు ఎత్తుకు సమానంగా ఉండాలి. అప్పుడు కోడి మెడ చాచి తాగుతుంది గాని కాళ్ళతో గెలికి మట్టి, చెత్త అందులోకి ఎగజిమ్మలేదు. మీ పెద్ద కోళ్ళకు రెండు మూడు ఇటుకల ఎత్తు సరిపోవచ్చు, కోడిని పక్కన నిలబెట్టి చూసుకోండి. ఇటుకల చుట్టూ రెండడుగుల మేర మొరం గానీ, గులకరాళ్ళు గానీ పరిస్తే ఒలికిన నీళ్ళు బురద కాకుండా ఇంకిపోతాయి. నీడ తప్పకుండా ఉండాలి, ఎందుకంటే కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఒగర్చి ఒంట్లోని నీటిని ఆవిరి చేసుకోవడమే అది చల్లబడే దారి, నీళ్ళు వేడెక్కితే దాహం ఉన్నా తాగడం తగ్గిస్తుంది. పెంకు తీసిన గుడ్డులో ముప్పాతిక వంతు నీరే కనుక, ఒక్క పూట నీళ్ళు అందకపోయినా గుడ్ల మీద దెబ్బ చాలా రోజులు కనిపిస్తుంది. ఇంతకీ గుడ్లు తగ్గాయని మీ అత్తమ్మ గమనించి ఉంటే దానికి ఎండలో మరిగిన గోలెం నీళ్ళే కారణం అయి ఉండవచ్చు. నీడ అన్నాను కదా అని రేకుల షెడ్డు కింద పెట్టవద్దు, మధ్యాహ్నం అక్కడ బయటి కంటే ఉక్క ఎక్కువ. వేపచెట్టు కింద బాగుంటుంది, అయితే కాకులు, కోళ్ళు రాత్రి కూర్చునే కొమ్మ కింద కాకుండా చూసుకోండి.

ఎండాకాలం నాలుగు నెలలకు మట్టి పాత్ర మంచిదా అని ఇంతకుముందు కూడా కొందరు పాఠకులు అడిగారు. మంచిదే, రంజన్‌లో లాగే మట్టి కంచుడులో నీళ్ళు చల్లగా ఉంటాయి. చల్లదనం ఇచ్చే ఆ సన్నటి రంధ్రాల్లోనే జిగట కూడా చేరుతుంది కనుక మట్టివి రెండు పెట్టుకొని, ఒకరోజు ఒకటి వాడుతూ రెండోదాన్ని కొబ్బరి పీచుతో తోమి ఎండలో ఎండబెట్టండి, వానాకాలం రాగానే పక్కన పెట్టేయండి. జింకు పూత ఉన్న రేకు పాత్రల్లో, రాగి పాత్రల్లో మాత్రం మజ్జిగ, నిమ్మరసం, వెనిగర్ వంటి పులుపు కలిపిన నీళ్ళు పోయకూడదు. పులుపుకు లోహం కరిగి నీళ్ళలో కలుస్తుంది.

ఇప్పుడు శుభ్రం చేయడం. రోజూ పొద్దున మిగిలిన నీళ్ళను పారబోసి, పళ్ళెం లోపలి వైపు వేలితో ఒకసారి రాసి చూడండి. కంటికి నీళ్ళు తేటగా ఉన్నా వేలికి జారుడుగా, వంకాయ తొక్క మీద రాసినట్టు తగిలితే అక్కడ సూక్ష్మజీవుల పొర కట్టిందన్నమాట. ఈ జిగట పొర ఉన్నంతవరకు పైన పోసిన మందు అడుగున ఉన్న సూక్ష్మజీవులను తాకలేదు, అందుకే మందు కంటే ముందు బ్రష్షు కావాలి. గట్టి కుచ్చుల బ్రష్షు ఒకటి కోళ్ళ సామానుకే ప్రత్యేకంగా ఉంచుకోండి, దాన్ని వంటింటి గిన్నెల దగ్గరకు రానివ్వవద్దు. కోడి రెట్టలో ఉండే సాల్మొనెల్లా వంటివి మనుషులకూ విరేచనాలు తెస్తాయి. డబ్బా మూత సందు, రంధ్రం చుట్టూ, పళ్ళెం అడుగు అంచు, ఈ మూడు చోట్లే మురికి దాక్కుంటుంది. వారానికి ఒకసారి తోమిన తరువాత ఐదు లీటర్ల నీళ్ళలో ఒక చెంచాడు బ్లీచింగ్ పౌడరు కలిపి పాత్రలను పావుగంట నానబెట్టి, మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి ఎండలో ఆరబెట్టండి. మీ బోరు నీళ్ళ వల్ల పాత్రకు తెల్లగా గార పడుతుంటే దాన్ని నిమ్మచెక్కతో రుద్ది వదిలించవచ్చు, కాని అది వేరే రోజు చేయండి. బ్లీచింగ్ పౌడరు, పులుపు లేదా యాసిడ్ కలిస్తే విషవాయువు వస్తుంది, ఇంట్లో బాత్రూం కడిగే యాసిడ్‌తో కూడా ఇదే ప్రమాదం.

పోసే నీళ్ళు ఏవన్నది తరువాతి ప్రశ్న. మీ ఊరికి మిషన్ భగీరథ నల్లా ఉంటే కోళ్ళకు కూడా ఆ నీళ్ళే పట్టండి. అవి శుద్ధిచేసి, క్లోరిన్ కలిపి వచ్చే నీళ్ళు, కాబట్టి వేరే మందు అక్కరలేదు. పట్టిన నీళ్ళను మూత ఉన్న బిందెలో ఉంచి ఆ రోజుకు ఆ రోజే వాడుకుంటే చాలు. బోరు నీళ్ళే దిక్కయితే ఆ బోరు మరుగుదొడ్డి గుంతకో, పెంటకుప్పకో ఎంత దూరంలో ఉందో చూడండి, జిల్లాలోని గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలలో ఒకసారి పరీక్ష చేయించండి. లీటరులో కరిగిన లవణాలు 1000 మిల్లీగ్రాముల లోపు ఉంటే కోళ్ళకు ఏ ఇబ్బందీ లేదు, 3000 దాటితే ఆ నీళ్ళు కోళ్ళకు మంచివి కావు, రెట్ట ఎప్పుడూ నీళ్ళగానే ఉంటుంది. చెరువు నీళ్ళు, కాలువ నీళ్ళు తెచ్చి పోయవద్దు. వలస పక్షులు, బాతులు దిగే నీళ్ళ ద్వారా బర్డ్ ఫ్లూ పెరటి కోళ్ళకు చేరవచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఆ రోగం వల్ల ఎంత నష్టం జరిగిందో మీరూ విని ఉంటారు.

ఇంతవరకు చెప్పినవి చేస్తేనే బ్లీచింగ్ పౌడరుకు అర్థం ఉంటుంది. మందుల దుకాణం అతను చెప్పింది తప్పు కాదు, ఎంత వేయాలో చెప్పకపోవడం తప్పు. మీ అత్తమ్మ భయంలోనూ నిజం ఉంది, ఎందుకంటే గుప్పెడు పొడి తెచ్చి గోలెంలో చల్లితే ఆ ఘాటుకు కోళ్ళు నీళ్ళు మానేస్తాయి, నీళ్ళు మానేస్తే గుడ్లు ఆగుతాయి. కోళ్ళు తాగే నీళ్ళలో లీటరుకు రెండు నుంచి మూడు మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంటే సరిపోతుంది. చెంచాలతో అంత కొద్దిగా కొలవడం కుదరదు కనుక ఇలా చేయండి. కిరాణా దుకాణం త్రాసు మీద పది గ్రాముల కొత్త పొడిని తూయించి, ఒక లీటరు నీళ్ళలో ప్లాస్టిక్ సీసాలో కలిపి, తెల్లటి సున్నం అడుగుకు దిగేవరకు ఆగి పైన తేరిన నీటిని మరో సీసాలోకి వంపుకోండి. సూది తీసిన సిరంజితో, తాగే నీళ్ళు లీటరుకు ఈ తేట ఒక మిల్లీలీటరు చొప్పున, అంటే 20 లీటర్ల క్యానుకు 20 మిల్లీలీటర్లు కలిపి, కనీసం అరగంట ఆగిన తరువాతే కోళ్ళకు పెట్టండి. ఈ తేట ఒకటి రెండు రోజుల్లో పస కోల్పోతుంది, పొట్లం విప్పి వదిలేసిన పొడి కూడా అంతే. ఘాటు వాసన రాని పాత పొడి సున్నంతో సమానం. మీ పంచాయతీలో నల్లా నీళ్ళను పరీక్షించే క్లోరోస్కోప్ ఉంటుంది, కార్మికుడిని అడిగితే మీ క్యాను నీళ్ళను కూడా అందులో రెండు చుక్కల మందు వేసి చూపిస్తాడు, లేత పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టే. నీళ్ళు బురదగా ఉంటే ముందు వాటిని తేర్చాలి, మురికి ఉన్న నీళ్ళలో క్లోరిన్ ఆ మురికి మీదనే ఖర్చయిపోతుంది.

తేర్చడానికి పటిక ముక్కను నీళ్ళలో తిప్పడం అందరికీ తెలుసు. పాత రోజుల్లో కుండ లోపల చిల్లగింజను అరగదీసి నీళ్ళు పోసేవారు, ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఆ అలవాటు ఉంది. రెండూ మట్టిని అడుగుకు దించుతాయి, ఆ మేరకు మంచి పద్ధతులే, కాని రోగక్రిములను పూర్తిగా చంపవు. పసుపు, వేపాకు విషయంలో నా అభిప్రాయం కొంచెం కఠినంగా ఉంటుంది. పసుపు నీళ్ళలో కరగదు, ఒకటి రెండు గంటల్లో అడుగున మెత్తగా చేరి జిగటకు తోడవుతుంది; వేపాకు చేదుకు కోళ్ళు తాగడం తగ్గుతుంది, ఈ ఎండల్లో అదే పెద్ద నష్టం. మీ అత్తమ్మ మాట కాదనలేకపోతే పసుపును మేతలో చిటికెడు కలపండి, నీళ్ళను మాత్రం నీళ్ళుగానే ఉంచండి. పొటాషియం పర్మాంగనేట్ వేసేవాళ్ళూ ఉన్నారు. లేత గులాబీ రంగు దాటితే అది కోడి గొంతును, మేత సంచిని మండిస్తుంది, మురికి తగలగానే గోధుమ రంగుకు మారి పనిచేయడం మానేస్తుంది, కాబట్టి బ్లీచింగ్ దొరికే చోట దానితో పని లేదు.

టీకాల రోజుల్లో ఇవేవీ వద్దు. కొక్కెర తెగులుకు కొన్ని టీకాలు నీళ్ళలో కలిపి తాగిస్తారు, అందులో ఉండేది ప్రాణం ఉన్న వైరస్, క్లోరిన్ తగిలితే అది చచ్చి టీకా వృథా అవుతుంది. అందుకని టీకాకు ముందు రోజు నుంచి, టీకా మరునాటి వరకు క్లోరిన్ కలపని నీళ్ళు వాడండి. ఆ మూడు రోజులు భగీరథ నల్లా నీళ్ళు కూడా నేరుగా వద్దు. బోరు నీళ్ళను కాచి చల్లార్చి, లీటరుకు ఒక చెంచా వెన్న తీసిన పాలపొడి కలిపి అందులో టీకా వేయమని మీ పశువైద్యులు చెబుతారు. తెల్లవారుజామున గంట, రెండు గంటలు నీళ్ళు తీసేసి దాహం వేసేలా చేసి, చల్లపూటనే ఆ టీకా నీళ్ళన్నీ తాగేలా చూడాలి.

బెల్లం నీళ్ళు, ఎలక్ట్రోలైట్ (లవణాల) పొడులు రోహిణి కార్తె ఎండల్లో నిజంగానే పనికొస్తాయి. అయితే తీపి నీళ్ళు మూడు నాలుగు గంటల్లోనే పులుస్తాయి, పళ్ళానికి జిగటను రోజులో కడతాయి. కాబట్టి మధ్యాహ్నం ఒక్క పూటకు కొద్దిగా కలిపి పెట్టి, సాయంత్రం మిగిలింది పారబోసి పాత్ర తోమి మంచినీళ్ళు పోయండి. మిగిలిన గంజిలో, పప్పు కడుగులో ఉప్పు ఉంటే అవి కోళ్ళకు పెట్టవద్దు.

ఆ 9 పిల్లలకు పెద్ద కోళ్ళ పళ్ళెం పనికిరాదు. తల్లితో పాటు గంప కింద ఉన్నన్నాళ్ళు లోతులేని చిన్న మూకుడులో నీళ్ళు పోసి, శుభ్రంగా కడిగిన గులకరాళ్ళు అందులో పరచండి. ముక్కు మునిగేంత నీళ్ళు రాళ్ళ సందుల్లో ఉంటే చాలు, పిల్ల జారి పడినా తడవదు. తల్లి కోడి మూకుడును గెలుకుతూనే ఉంటుంది కనుక ఈ నీళ్ళను రోజుకు మూడు నాలుగుసార్లు మార్చక తప్పదు. మూడు వారాలు దాటిన పిల్లల్లో నెత్తురు రెట్ట వేసే కాక్సిడియోసిస్ ఎక్కువగా వస్తుంది, దానికి మూలం తడి నేల. ఆ రోగం తెచ్చే పరాన్నజీవి గుడ్లు రెట్టలో బయటపడి, తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే దశకు వస్తాయి. క్లోరిన్‌కు అవి చావవు, ఎండకు, పొడిదనానికి మాత్రమే తగ్గుతాయి. అందుకే మొరం పరచమన్నాను. మృగశిర తరువాత వానలు మొదలైతే పెరట్లోని గుంటలన్నీ మొరంతో పూడ్చండి. మీరు ఎంత మంచి నీళ్ళు పెట్టినా కోడి దారిలో ఉన్న వాన గుంటలోనే ముందు ముక్కు పెడుతుంది.

చివరగా మీ ఆయన చెప్పిన నిప్పుల్ పైపు. రెట్ట పడకుండా నీళ్ళు ఇవ్వడానికి దాన్ని మించింది లేదు, 22 కోళ్ళకు మూతపెట్టిన 20 లీటర్ల బకెట్ అడుగున మూడు నిప్పుల్స్ బిగించి వేలాడదీస్తే సరిపోతుంది, పొడవాటి పైపు లైను అక్కరలేదు. నిప్పుల్ కోడి తల కంటే కొంచెం పైన, మెడ చాచితే అందే ఎత్తులో ఉండాలి. కాని ఈ ఎండాకాలంలో వద్దని నేను చెబుతాను. వేడి ఎక్కువైనప్పుడు కోళ్ళు తురాయిని, గంగడోలును నీళ్ళలో ముంచి చల్లబరచుకుంటాయి, నిప్పుల్ దగ్గర ఆ వీలు ఉండదు. కొత్తగా అలవాటు పడేటప్పుడు తాగడం తగ్గితే ఈ వేడిలో కోళ్ళు తట్టుకోలేవు. వానలు పడి వాతావరణం చల్లబడిన తరువాత బిగించండి, మొదటి వారం పది రోజులు పళ్ళెం కూడా పక్కనే ఉంచండి, అన్ని కోళ్ళూ నిప్పుల్ పొడవడం మీ కళ్ళతో చూసిన తరువాతే పళ్ళెం తీసేయండి. మీ బోరు నీళ్ళకు గార పడుతుంటే నిప్పుల్ లోపలి సూది పట్టేస్తుంది, బయటికి ఏమీ తెలియదు, బకెట్ నిండుగా కనిపిస్తూనే కోళ్ళు దాహంతో ఉంటాయి. ఎవరు నీళ్ళు పోసినా ప్రతి పొద్దునా మూడింటినీ వేలితో నొక్కి చుక్క పడుతోందో లేదో చూడమని మీ ఆయనకు ముందే చెప్పండి.